సొట్టపడిన ఉగ్గుగిన్నె

లలిత్‌కు ఏడు నెలలు. పళ్ళింకా రాలేదు గానీ పంతం మాత్రం నిండుగా వచ్చేసింది. రోజూ పదకొండు గంటలకు వాళ్ళమ్మ వరూధిని వెండి ఉగ్గుగిన్నెలో రాగి సరి, అంటే రాగిపిండి ఉగ్గు, పలచగా కలుపుకొచ్చి వాడి ఎదురుగా కూర్చుంటుంది. వాడు ఓసారి గిన్నె వంక చూస్తాడు. పెదాలు బిగిస్తాడు. మెడ పక్కకు తిప్పేస్తాడు. ఇక ఆ నోరు తెరిపించడం ఎవరి తరమూ కాదు. ఆ గురువారానికి ఈ తంతు మొదలై పద్నాలుగు రోజులు.

సరి బాగాలేదని అనడానికి లేదు. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పొడికొట్టి, పలచటి గుడ్డలో జల్లించి చెన్నమ్మ స్వయంగా చేసిచ్చిన పొడి అది. కదిరి దగ్గర పల్లెనుంచి ముప్పై ఏళ్ళ కిందట మొగుడితో పాటు కట్టడం పనికి బెంగళూరొచ్చిన మనిషి చెన్నమ్మ. నడుము సహకరించక తట్టలు మోయడం మానేసి, ఇప్పుడు వీళ్ళుండే బ్రూక్‌ఫీల్డ్ ఫ్లాట్లలో పిల్లల్ని చూసుకుంటోంది. ఆవిడ చేతి సరి తిని ఎంతమంది బడికి పోయారో ఆవిడకే గుర్తులేదు. లలిత్ ఒక్కడే దాన్ని రుచి కూడా చూడలేదు. బియ్యం పెసరపప్పు ఉగ్గు చేశారు, అరటిపండు పాలలో చిదిపారు. దేనికైనా అవే బిగించిన పెదాలు.

వీటన్నిటినీ వాళ్ళ నాన్న అచ్యుత్ బల్ల దగ్గర హెడ్‌సెట్ పెట్టుకుని, ఆఫీసు మీటింగులో గొంతు మ్యూట్ చేసుకుని చూస్తుండేవాడు. మొదటి వారం నవ్వొచ్చింది. రెండో వారం రాలేదు. పిల్లాడు నెల ముందే పుట్టాడు, పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేడు. ఇక పాలొక్కటే చాలవని డాక్టరు గట్టిగానే చెప్పాడు. పైగా సోమవారం నుంచి వరూధిని ఆఫీసుకు పోవాలి. ఎనిమిదేళ్ళు చాకిరీ చేస్తే వచ్చిన టీమ్ లీడ్ పదవి ఆమెది. వచ్చిన మూడో నెలకే ప్రసవం, సెలవు.

ఆ గురువారం సాయంత్రం ఆమె లాప్‌టాప్ తెరిచే ఉంటే అచ్యుత్ కంట పడింది. రాజీనామా ఉత్తరం. పంపలేదు, రాసి ఉంచుకుంది.

“ఇదేంటి వరూ?”

“సండే దాకా చూస్తా. నాలుగు స్పూన్లైనా తినకపోతే మెయిల్ పంపేస్తా,” అంది ఆమె, పిల్లాడి చొక్కాలు మడతపెడుతూ. “నా చేత్తో పెడితేనే తిననివాడు ఇంకెవరు పెడితే తింటాడు? నన్ను చూస్తేనే మొహం తిప్పేసుకుంటున్నాడు, నువ్వూ చూస్తున్నావుగా.”

“పోనీ మామూలు స్పూన్‌తో ట్రై చేద్దామా?”

వరూధిని చూసిన చూపుకు అచ్యుత్ ఆ మాట మింగేశాడు. ఆ ఉగ్గుగిన్నె వాళ్ళమ్మది. రెండేళ్ళ కిందట ఆవిడ పోయినప్పుడు కర్నూలు ఇంట్లోంచి వరూధిని అడిగి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. గిన్నె ముక్కు పక్కన చిన్న సొట్ట ఉంది. “నేనే చేశానంట. ఆకలికి ఆగలేక లాగేసి ఉంటాను,” అని వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయేది. మనవడి మొదటి బువ్వ అమ్మ గిన్నెతోనే అని కడుపుతో ఉన్నప్పుడే అనుకుంది. పోయిన మనిషిని పిల్లాడి దగ్గరికి తేవడానికి ఆమెకు మరో దారి కనిపించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తొందరగా వెళ్ళాలని చెన్నమ్మ పొద్దున ఏడింటికే వచ్చింది. రాత్రంతా పిల్లాడితో జాగారం చేసిన వరూధిని ఇంకా నిద్రలో ఉంది. వంటింట్లో అచ్యుత్ ఒడిలో లలిత్, చేతిలో ఉగ్గుగిన్నె. ఐరన్ డ్రాప్స్ వేయడం అచ్యుత్ వంతు. నెలతక్కువ పిల్లలకు తప్పదని డాక్టరు రాసిచ్చిన మందు, తుప్పుపట్టిన మేకు నాకినట్టుంటుంది. డ్రాపర్‌తో వేస్తే వాడు సగం ఉమ్మేసేవాడు. నెల కిందట అచ్యుత్‌కు అద్భుతమైన ఆలోచన తట్టింది. అలమరలో తోమి సిద్ధంగా పెట్టిన ఉగ్గుగిన్నెలో మందు వేసి, రెండు చెంచాల పాలు కలిపి, బుగ్గలు పట్టుకుని మూతి పక్కనుంచి పోస్తే ఇట్టే దిగిపోయింది. తన తెలివికి తనే మెచ్చుకున్నాడు. రోజూ వరూధిని లేవకముందే పోసి, వేడినీళ్ళతో కడిగి, ఎక్కడి గిన్నె అక్కడ పెట్టేసేవాడు.

లలిత్ ఏడ్చాడు, మింగాడు. చెన్నమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఏందప్పా, మందు పోసేది ఈ గిన్నెతోనేనా?”

“అవునక్కా. ఒక్క చుక్క కింద పోదు,” అన్నాడు అచ్యుత్ గర్వంగా.

“బువ్వ పెట్టేది గూడా దీంతోనే కదప్పా.”

అచ్యుత్ గిన్నె కడుగుతున్నవాడు కాస్తా ఆగిపోయాడు.

“మా ఊర్లో దూడకి గొట్టంతో మందు పోస్తారు. మళ్ళా ఆ గొట్టం సూస్తానే ఆమడ దూరం పారిపోతాది,” అంది చెన్నమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని మూతి తుడుస్తూ. “దూడకి ఉండే గ్యానం బిడ్డకి ఉండదా? యాడికి పారిపోతాడు పాపం, నోరు మూసుకుంటా ఉండాడు.”

అచ్యుత్ కడిగిన ఖాళీ గిన్నె తెచ్చి పిల్లాడి ముందు పెట్టాడు. పెదాలు బిగిశాయి, మెడ తిరిగింది. గిన్నె వెనక్కి దాచాడు. పెదాలు సడలాయి. మళ్ళీ చూపించాడు. మళ్ళీ బిగిశాయి. గిన్నె ఎంత కడిగితే ఏం లాభం, వాడి జ్ఞాపకం కడిగితే పోయేది కాదు.

అచ్యుత్ కుర్చీలో కూలబడ్డాడు. పద్నాలుగు రోజులుగా వరూధిని కన్నీళ్ళు పెట్టుకుంటుంటే పక్కన కూర్చుని ఓదార్చింది తనే, ఆ కన్నీళ్ళకు కారణమూ తనే. ఒక్క క్షణం దొంగబుద్ధి పుట్టింది. కొత్త స్పూనొకటి కొనుక్కొస్తే సరిపోతుంది, వాడు తింటాడు, ఆ పేరు స్పూనుకు పోతుంది, ఈ సంగతి ఈ వంటింటి గడప దాటదు.

చెన్నమ్మకు మొహం చూస్తే అర్థమైనట్టుంది. “నేనైతే చెప్పనప్పా. అది మీ ఆలుమగల యవ్వారం,” అని పొయ్యి వెలిగించింది.

కానీ స్పూనుకు పేరొస్తే వరూధినికి ఏం మిగులుతుంది? పిల్లాడు తన చేతిని కాదన్నాడనే నమ్మకం మిగులుతుంది. అది తలుచుకుంటే అచ్యుత్‌కు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వెళ్ళి ఆమెను నిద్రలేపి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అరుస్తుందనుకున్నాడు. ఆమె జుట్టు ముడేసుకుంటూ అంతా విన్నది.

“నెల రోజుల్నుంచా?”

“ఊఁ.”

“నేను ఏడుస్తుంటే టిష్యూలు ఇచ్చావు కదా అచ్యుత్.”

“నిజంగా తట్టలేదు వరూ. సారీ.”

ఆమె దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది. “అయితే వాడు వద్దన్నది నన్ను కాదు.”

కాదు, కాదు అన్నాడు అచ్యుత్. ఆమె మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఈసారి అతను టిష్యూలు అందించే సాహసం చేయలేదు.

తొమ్మిదింటికి వరూధిని గోళ్ళు కత్తిరించుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుని, నేలమీద చాప పరుచుకుని కూర్చుంది. చెన్నమ్మ సరి ఈసారి కాస్త చిక్కగా ఉడికించి పళ్ళెంలో చల్లార్చి ఇచ్చింది. గిన్నె లేదు, స్పూను లేదు. వరూధిని చూపుడువేలు సరిలో ముంచి పిల్లాడి కింది పెదవికి తాకించింది. వాడు ఆ వేలును చూశాడు. పుట్టినప్పటినుంచీ పట్టుకుని పడుకుంటున్న వేలే అది. నోరు తెరిచాడు.

మొదట వాడి మొహం వికారంగా ముడుచుకుంది. నాలుకతో సగం బయటికి తోసేశాడు. అంతలోనే వాడు తల్లి మణికట్టు రెండు చేతులా పట్టుకుని వేలును మళ్ళీ నోట్లోకి లాక్కున్నాడు. వరూధినికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. దిష్టి తగులుతుందని చెన్నమ్మ అటు తిరిగి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

మధ్యాహ్నం కర్నూలునుంచి వరూధిని పెద్దమ్మ ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పి, “నేనేమో దాంతోనే తిని పెరిగితిని, వీడేమో దాన్ని చూస్తేనే ఏడుపు,” అంది వరూధిని.

“నువ్వు దాంతో ఏడ తినినావే?” అని పెద్దమ్మ నవ్వింది. “ఆ గిన్నెతో నీకు ఆముదం పోస్తుంటిమి. ఒకనాడు కాలితో తంతివి, పోయి గడపకి తగిలి సొట్ట పడె. బువ్వ అంటావా, మీయమ్మ ఏలితో నాకిస్తా ఉండె. ఇంకోళ్ళు పెడితే ముట్టేదానివే కాదు.”

ఫోన్ పెట్టేశాక వరూధిని చాలాసేపు తన చూపుడువేలునే చూసుకుంది. గోరు పక్కన ఎండిన సరి ఇంకా అంటుకుని ఉంది. అమ్మ పోయిన రోజునుంచీ అమ్మ గుర్తులు ఇంట్లో వెతుకుతూనే ఉందామె.

ఆదివారం చెన్నమ్మ సెలవు మానుకుని వచ్చి తన వేలితో పెట్టి చూసింది. వాడు మొహమాటం లేకుండా తిన్నాడు. వరూధిని కాస్త కుళ్ళుకుంది, అయినా లాప్‌టాప్ తెరిచి ఆ ఉత్తరాన్ని తీసేసింది.

సోమవారం ఏడింటికి అచ్యుత్ డ్రాపర్ కోసం వెతుకుతుంటే, వరూధిని ఉగ్గుగిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టింది. “మందు దీంతోనే పొయ్యి. మా అమ్మ పద్ధతి అదే.”

ఎనిమిదిన్నరకు ఆమె బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు ముందు నిలబడింది. చెన్నమ్మ చంకలో ఉన్న లలిత్ తల్లి వేలును నోట్లో పెట్టుకుని వదలలేదు. లిఫ్టు వచ్చింది, వెళ్ళిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు వరూధిని వేలు మెల్లగా లాక్కుని ఎక్కింది. కిందికి దిగేదాకా దాన్ని తుడుచుకోలేదు.