తూర్పుకు తిరిగిన పెట్టె

ఉదయం ఎనిమిదిన్నర అవుతోందంటే శ్రీకరికి గుండెల్లో రాయి పడేది. తిరుపతిలో వాళ్ళ వాతావరణ ఆఫీసు కంప్యూటరు ముందురోజు వేసే వేడి అంచనా తెల్లవారుజామున సరిపోయేది, మధ్యాహ్నమూ సరిపోయేది. ఎనిమిదిన్నరకు మాత్రం వడమాలపేటలో కొలిచినదానికన్నా రెండు డిగ్రీలు తక్కువ చూపేది. అదీ ఎండ కాసిన రోజుల్లోనే. మబ్బు పట్టిందా, తప్పు మాయం.

ఎక్కడ ఏ నేల ఉందో కంప్యూటరుకు చెప్పే పటం గీసింది పరాశర్. వడమాలపేట చుట్టూ తడి వరిమళ్ళని గుర్తు పెట్టాడు. తడినేల నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి అంచనా తగ్గుతోందని, నిజానికి అక్కడ అంత వరి లేదని శ్రీకరి పట్టుబట్టింది.

"కొలతే తప్పేమో, ఒకసారి పోయి సూద్దాం రా," అన్నాడు పరాశర్.

ఆమెకు ఒళ్ళు మండింది. అక్కడ కొలత తీసేది చెంగల్రాయుడు. ఏడో తరగతిలో తనను స్టూలెక్కించి పాదరసం చదవడం నేర్పిన మనిషి. ఫోన్ చేసి అడిగితే, "నా కాడ తప్పుండదు పాపా, మీ కంప్యూటర్లో సూసుకోండి," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నిండు మీటింగులో పటం తప్పని చెప్పింది. పరాశర్‌ను ఆ పనినుంచి తీసేశారు.

పటం మార్చాక మధ్యాహ్నపు అంచనా కూడా చెడిపోయింది. మూడు నెలలు తల బద్దలు కొట్టుకుని, ఒక పొద్దున చెప్పాపెట్టకుండా వడమాలపేట బస్సెక్కింది. దిగేసరికి రోడ్డుకు రెండు పక్కలా మోకాలెత్తు వరి.

ఎనిమిదిన్నర కొలతకు చెంగల్రాయుడు థర్మామీటర్ల తెల్లపెట్టె ముందున్నాడు. లోపలికి ఎండ పడకుండా దాని తలుపు ఉత్తరానికే ఉండాలి. ఆ సంగతి ఆమెకు నేర్పిందీ ఆయనే. ఇప్పుడది నిక్షేపంగా తూర్పుకు తిరిగి ఉంది, తలుపుకు పసుపు కుంకుమలతో సహా. ఆయన తలుపు తీశాడు, కళ్ళద్దాలు పంచెకు తుడుచుకున్నాడు, తీరిగ్గా చదివాడు. అంతసేపూ ఎండ థర్మామీటర్ల గాజుమీదే.

"ఎప్పుడు తిప్పినావు మామా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నిరుడు దీపావళి కాడ. నా పని పొడిగించకుండా ఆపేసినారని వాస్తు సిద్ధాంతికి సూపించినా. తూర్పుకు తిప్పమన్నాడు. తిప్పిన వారానికే పొడిగింపు ఆర్డరొచ్చె."

"నేను ఫోన్ చేసిననాడు చెప్పలేదే?"

"చెప్తే ఇంటికి పంపేస్తారు గదమ్మా. ఆడ కనపడింది కనపడినట్టే రాసినా. అబద్ధం ఒకటీ రాయలేదు."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదేననిపించి ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రిజిస్టరు ఆయన ముందుకు జరిపి, పెట్టె తిప్పిన తేదీ ఆయన చేతనే రాయించింది. ఆయన తల ఎత్తకుండా రాశాడు.

గట్టుమీదికి వచ్చి పరాశర్‌కు ఫోన్ చేసింది.

"నీ పటమే కరెక్టు. ఈడంతా వరే."



"నా మాట నమ్మకపోతే పోనీ శ్రీకరీ," అన్నాడు పరాశర్. "అప్పుడే వచ్చి ఒకసారి సూసి ఉండొచ్చు గదా."