అమ్మణి చేతుల మీద ఒక జోకు

గుడియాత్తం బజారులో సుబ్బరాయులు లుంగీల కొట్టు అందరికీ తెలుసు. కొట్టుకన్నా అతని నోరు ఇంకా బాగా తెలుసు. అమ్మేది లుంగీలే గాని నోరు మాత్రం ఎవరికీ లొంగనిది. మైకు చేతికొస్తే చాలు, మైకం తలకెక్కుతుంది. పెళ్ళిలో మాట్లాడమంటే పెళ్ళికొడుకు తప్ప అందరూ నవ్వుతారు. సంతాపసభలో మాట్లాడమంటే పోయినవాడు తప్ప అందరూ నవ్వుతారు. అందుకే కౌండిన్య ఏటిని కాపాడడానికి సంఘం పెట్టినప్పుడు, రిటైరైన హెడ్మాస్టరు శంకరన్ అధ్యక్షుడై, ఏరికోరి సుబ్బరాయుల్ని కార్యదర్శిగా పెట్టుకున్నాడు. "లెటర్‌హెడ్డుకు నేను, నోటికి నువ్వు" అన్నాడు.

ఏటి ఒడ్డున నూలుకు రంగులు వేసే షెడ్లు పద్నాలుగు ఉన్నాయి. రంగునీళ్ళు తిన్నగా ఏట్లోకే. వాటిని మూయించమని సంఘం అర్జీ పెట్టింది. వేలూరులో విచారణ సభ పెట్టారు.

పేరుకు విచారణే గాని, విచారం ఉన్నది ఒక్కరి మొహంలోనే. వెనక వరుసలో కూర్చున్న అమ్మణి మొహంలో. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్లలో చిలపలుగా చుట్టిన నూలును రంగు తొట్లలో ముంచి పిండుతున్న మనిషి. తోటి ఆడవాళ్ళు ముప్పైమంది కలిసి ఆమెను పంపారు. ఆమె అడగాల్సింది ఒక్కటే. ఆర్కాడు దారిలో నీళ్ళు శుద్ధిచేసే యంత్రాలతో కొత్త రంగుల ఫ్యాక్టరీ వస్తోంది. ముందు అందులో తమకు పని రాసివ్వండి, తర్వాత షెడ్లు మూయండి. ఈ ఒక్క మాటనూ ఆమె బస్సులో వస్తూ దారిపొడుగునా మననం చేసుకుంది.

పిలిచారు. లేచింది.

"అయ్యా, మేము రంగు షెడ్డులో..." అంటూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మోచేతుల దాకా నీలం. గోళ్ళు నల్లగా ఉన్నాయి.

ముందు వరుసలో, మైకు పక్కనే ఉన్న సుబ్బరాయులు ఆగలేకపోయాడు. "అయ్యా, ఇంక సాక్ష్యాలెందుకు? ఏరే బస్సెక్కి వచ్చింది! చూడండి, రెండు చేతులా పారతా ఉండాది!"

హాలు హాలంతా ఘొల్లుమంది. అధికారి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. రాసుకునే గుమాస్తా కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మణి చేతులు మెల్లగా దిగాయి, కొంగులోకి పోయాయి. ఆమె కూర్చుంది. గుమాస్తా తర్వాతి పేరు పిలిచాడు.

తిరుగు బస్సులో సంఘం వాళ్ళు సుబ్బరాయులు వీపు తట్టి తట్టి వాచేలా చేశారు. అదే బస్సులో, మూడు వరుసల ముందు, అమ్మణి నిలబడి ఉంది. కండక్టరు టికెట్టు అందిస్తే కొంగు చుట్టిన చేతితోనే తీసుకుంది.

"ఏమ్మా, టికెట్టుకు చలేస్తా ఉండాదా?" అన్నాడు కండక్టరు. సగం బస్సు నవ్వింది.

మంచి జోకే. సుబ్బరాయులు ఇంకో రోజైతే కండక్టరుకు చేయి కలిపి ఉండేవాడు. ఇప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూడసాగాడు. కాట్పాడి దాటింది, పొలాలు దాటాయి, అతని మెడ మాత్రం ఇటు తిరగలేదు.

మర్నాడు కొట్లో ఒకామె లుంగీ విప్పి చూసి, "ఈ నీలం నిలుస్తుందా?" అని అడిగింది. "రంగు పోదమ్మా. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు" అన్నాడు అలవాటుగా. ఇరవయ్యేళ్ళుగా అంటున్న మాటే. ఈసారి అంటూనే లుంగీ మడతపెట్టేశాడు. ఆ నీలం ఎవరి చేతులమీదుగా వచ్చిందో తెలియనట్టు నిన్న అమ్మణి చేతులకేసి వేలు చూపించాడు కదా! పైగా షెడ్లు మూతపడతాయని ముందే తెలుసు కనుక, తన లుంగీలు నేసేవాళ్ళకు రంగేసిన నూలు పైఊరినుంచి తెప్పించుకునే ఏర్పాటు అతను నెల కిందటే చేసుకున్నాడు. తన బేరానికి దారి చూసుకున్నాకే ఏటిమీద ప్రేమ పొంగింది. ఆ పైఊళ్ళోనూ ఏదో ఒక ఏరు ఉండే ఉంటుంది. దాని సంగతి సంఘానికి అక్కర్లేదు.

శంకరన్‌కు ఫోను చేశాడు. "ఆ ఆడవాళ్ళ పని గురించి మన అర్జీలో ఒక ముక్క కలుపుదామా సార్?"

"మనది ఏటి సంఘమప్పా, కూలి సంఘం కాదు. కలిపితే అర్జీ బలం పోతాది" అన్నాడు శంకరన్.

సంఘం పెద్దదే, మనసే చిన్నది అనుకున్నాడు సుబ్బరాయులు. అనుకుని, అందులో తన వాటా ఎంతో గుర్తొచ్చి ఫోను పెట్టేశాడు.

రాతమూలంగా అభ్యంతరాలు ఇవ్వడానికి శుక్రవారం దాకా గడువుంది. ఆ రోజే వేలూరులో మళ్ళీ సభ. ఆదివారం పొద్దున అమ్మణి ఇంటికి వెళ్ళాడు. దారిలో 'తప్పయిపోయింది' అనే మాటను పదకొండు రకాలుగా కూర్చుకున్నాడు. అందులో ఏడింటికి ప్రాస కుదిరింది. అది గమనించి తనమీద తనకే రోత పుట్టింది.

గుమ్మంలో అమ్మణి కోడలు సుగంతి ఉంది. లోపలికి కేకేసింది. "అత్తా, నవ్వించే అయ్య వచ్చిండాడు. పక్కింటి బిడ్డల్నిగూడా పిలవనా?"

అమ్మణి వచ్చింది. చేతులు కొంగులోనే ఉన్నాయి.

"తప్పు చేసినా అమ్మణీ" అన్నాడు. కూర్చుకున్నవేవీ పైకి రాలేదు. తాను రాసుకొచ్చిన అభ్యంతరపత్రం చదివి వినిపించాడు. శ్రమజీవులు, జీవనది, జీవనాధారం అని గలగలా పారింది.

"బాగుండాది నాయనా. ఇది మీ మాట. మా మాట యాడుండాది?"

"మీరు చెప్పండి, రాస్తా."

"ఏరు బాగుపడాల్సిందే. కాదని మేమెవరన్నా అన్నామా? మీ ఇంటికి క్యాన్ నీళ్ళు వస్తాయి. మా బోరులో పసుప్పచ్చగా వస్తాయి. బాగయితే ముందు మాకే మంచిది. గానీ, రంగు కావాలన్నది కొన్నోళ్ళు, లాభం తిన్నది అమ్మినోళ్ళు. ఏరు బాగయ్యేదానికి కూలి పోయేది మాదొక్కటేనా? ముప్పైమందికి కొత్త ఫ్యాక్టరీలో పని రాయండి, ఆ పొద్దే షెడ్లు మూసెయ్యండి. ఇంతే నాయనా."

సుబ్బరాయులు తమిళంలో, ఒక్క అక్షరం చేర్చకుండా రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది. అప్పుడు చేతులు బయటికొచ్చాయి. అతను కాగితంవైపే చూశాడు.

"శుక్రవారం మీరే వచ్చి చెప్పండి."

"నేను రాను. లేచి నిలబడితే ఆ నవ్వే చెవుల్లో పడతా ఉండాది. మీకు నోరుండాదే, మీరే చెప్పండి. నవ్వించకుండా చెప్పండి, అంతే."

శుక్రవారం హాలు నిండింది. సుబ్బరాయులు లేవగానే కుర్చీలు సర్దుకున్న చప్పుడు. మంచి ఆట మొదలవబోతుంటే జనం సర్దుకునేట్టు.

"ఇవి నా మాటలు కావు. అమ్మణి మాటలు" అన్నాడు.

నవ్వారు.

"లేదప్పా, నిజంగానే చెప్తా ఉండా."

ఇంకా నవ్వారు.

"ఏరు బాగయ్యేదానికి కూలి పోయేది మాదొక్కటేనా..." అని చదివాడు. వెనకనుంచి ఎవరో, "అన్నా, ఆడగొంతు పెట్టి చెప్పన్నా!" అని అరిచారు. అధికారి ముందే పెదవులు విచ్చుకుని, "సొల్లుంగ సార్, సొల్లుంగ" అని తమిళంలో చెప్పమన్నాడు. సుబ్బరాయులు కాగితం మీంచి తలెత్తాడు. వందమంది మొహాలు అతని నోటికేసి ఆశగా చూస్తున్నాయి. ఆ చూపు అతనికి ముప్పైయేళ్ళ అలవాటు.

"ఆడగొంతు పెడితే ఇంటికాడ నా పెండ్లాం అంబిక నా గొంతు పట్టుకుంటాది!"

అన్నాక గాని అన్నానని తెలియలేదు. హాలు కప్పు ఎగిరినంత పనయింది. గుమాస్తా కలం కింద పెట్టేశాడు. అన్నిటికన్నా సిగ్గుచేటు, సుబ్బరాయులు తానూ నవ్వాడు. మొహమాటానికి కాదు, హాయిగా నవ్వాడు.

నవ్వులు తగ్గేసరికి ఇంకో పేరు పిలిచారు. అతను కాగితం గుమాస్తా చేతికిచ్చాడు. ముద్ర పడి అది ఫైలు అడుక్కి పోయింది. కావాలనుకుంటే వేలిముద్ర వేసినవాళ్ళను ఇంకొకసారి పిలిచి వింటామని అధికారి చెప్పాడు.

వరండాలో శంకరన్ ఎదురొచ్చి చేయి పట్టుకుని ఊపేశాడు. "అమోఘం! వాళ్ళ మాటలతోనే వాళ్ళను దెబ్బ కొట్టినావే!"

సుబ్బరాయులు చేయి విడిపించుకుని బస్టాండుకు నడిచాడు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే షెడ్డుకు చేరాడు. అమ్మణి, సుగంతి నూలు చిలప చెరో కొసా పట్టుకుని పిండుతున్నారు. ఇంట్లో చెప్పుకోలేనివి అక్కడ చెప్పాడు.

"నవ్వినారా?" అంది అమ్మణి.

"నవ్వినారు."

"మీరు?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరు చూడొచ్చారు!

"నేనూ నవ్వినా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. చిలపలోంచి నీళ్ళు కారడం ఆగాక ఆమె అడిగింది.

"కాగితమన్నా ఇచ్చినారా?"

"ఇచ్చినా. ముద్ర వేసినారు. మిమ్మల్ని పిలిచినా పిలుస్తారు."

"పిలిస్తే నేనే పోతా. నవ్వితే నవ్వనీ, ఈసారి కూర్చోను." చిలపను దండెం మీద ఆరేసింది. "మీరు మాత్రం ఆ పక్కకు రావద్దు నాయనా."

"రాను."

"మాటలు చాలా విన్నాము. ఒట్టెయ్యప్పా" అంది సుగంతి, తడిచేయి ముందుకు చాపి.

సుబ్బరాయులు నాలుక కొసకు అప్పుడే ఏదో చమత్కారం వచ్చి కూర్చుంది. పళ్ళు బిగించి దాన్ని మింగాడు. తలొంచుకుని, ఆ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు.