ముప్పై బోర్డు కోసం కట్టిన దండ

హూడి దగ్గర రోడ్డు పక్కన భాగీరథమ్మ పూలమ్ముతుంది. ఆమె గోనెపట్ట పరుచుకునే చోటికి ఎదురుగానే ఎర్ర అంచు గుండ్రటి బోర్డు, దాని మీద ముప్పై అంకె, బండ్లు అంతకు మించిన వేగంతో పోకూడదని. ఆ బోర్డు ఊరికే రాలేదు. ఆమె కూతురు నేత్రావతిని అక్కడే ఒక కారు గుద్దేసి పోయాక వచ్చింది. పిల్ల బతికి బయటపడింది గానీ కుడికాలు మునుపటిలా లేదు. చంకకర్ర ఆనించుకుని రోజూ పొద్దున రోడ్డు దాటి, అవతల టైలరింగ్ షాపులో పనికి పోతుంది. పిల్ల అటుపక్క చేరేదాకా తల్లి చేతిలో దారం కదలదు. బోర్డు చూసి బండ్లన్నీ బుద్ధిగా నెమ్మదిస్తాయని కాదు. కొందరైనా బ్రేకు మీద కాలు పెడతారు. ఆ కొందరి పుణ్యానే పిల్ల దాటుతోంది.

ఇప్పుడా బోర్డు పీకేసి యాభై పెడతారట. ఆఫీసులకు పోయేవాళ్లకు ఆలస్యమవుతోందట. ముందు జనం మాట వింటామనీ, శనివారం సముదాయ భవనంలో పెద్ద అధికారి వచ్చి సభ పెడతాడనీ, అక్కడ మైకులో చెప్పిన మాటలే లెక్కలోకి తీసుకుంటామనీ ఆటోలో చాటించి పోయారు.

భాగీరథమ్మ సంబరపడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సర్కారు ఆమెను ఒక మాట అడగడం ఇదే మొదలు. చెప్పాల్సింది కూడా సిద్ధంగానే ఉంది. "సార్, మా పాప పక్కన ఒక్క తూరి మీరు ఈ రోడ్డు దాటండి." అంతే. పూలు కడుతూ, అంట్లు తోముతూ దాన్నే వల్లెవేసింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ సాయంత్రం గల్లీ సంఘం వాళ్లంతా దర్శన్ హార్డ్‌వేర్ షాపు ముందు చేరారు. దర్శన్ సంఘానికి అధ్యక్షుడు. వీధిదీపం బల్బు మార్చినా మైకు పెట్టించే మనిషి. అయినా న్యాయంగా చెప్పాలంటే ఆ ఆలోచన దర్శన్‌ది కాదు, భాగీరథమ్మదే.

"చేతులూపుకుంటా పోయి అడిగితే ఏం బాగుంటాదప్పా? అంత పెద్ద సారు మన గల్లీకి వస్తాండాడు. ముందు దండేసి, శాలువ కప్పి, ఆమేల అడుగుదాం. మనసు మెత్తబడతాది. దండ నాది."

దర్శన్ మొహం వెలిగిపోయింది. "తలకు మైసూరు పేట, ఆ జరీ తలపాగా కూడా పెడదామక్కా. నేను తెస్తా."

"దండెందుకమ్మా? పోయి అడిగితే చాలదా?" అంది నేత్రావతి.

"నీకు తెలీదు, ఊరుకో. పెద్దోళ్ల దగ్గరికి ఉత్త చేతుల్తో పోకూడదు."

ఆమెను తప్పుపట్టి లాభం లేదు. ఆ ఊళ్లో మోరీలో మురుగు తీయించినా సన్మానమే, తీయించకపోయినా సన్మానమే. శనివారం ఆమె మంచి గులాబీలు ఏరి, సుగంధరాజ పూలు కలిపి, మనిషి మోకాళ్ల దాకా వేలాడే దండ కట్టింది. పెళ్లికి కూడా అంత శ్రద్ధగా కట్టలేదు.

అధికారి ఆలస్యంగా వచ్చాడు. రాగానే దండ పడింది. తర్వాత శాలువ, పేట, పళ్లబుట్ట. దర్శన్ మైకు పట్టుకుని సారు గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాడు. సారును అతను అంతకుముందు చూసిందే లేదు, అయినా గొప్పతనం తరగలేదు. పక్క గల్లీ సంఘం వాళ్లు తామేం తక్కువ తిన్నామా అని ఇంకో శాలువ కప్పారు. తర్వాత ఫోటోలు, మళ్లీ ఫోటోలు. మొదట మొహమాటపడిన సారు రానురాను పేట సర్దుకుని నవ్వడం నేర్చుకున్నాడు. జనమే తనకు దేవుళ్లని చాలాసేపు మాట్లాడాడు. షాపులో సెలవు అడిగి వచ్చిన నేత్రావతి వెనక గోడకానుకుని నిలబడి ఉంది. కుర్చీలన్నీ అతిథులకే సరిపోయాయి.

చివరికి మైకు జనం చేతికొచ్చింది. అపార్ట్‌మెంట్ల తరఫున వచ్చిన శశిధర్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ముందే లేచి, ట్రాఫిక్ తగ్గాలంటే యాభై ఉండాలని మర్యాదగా, క్లుప్తంగా చెప్పి కూర్చున్నాడు. అధికారి గడియారం చూసుకుని లేచాడు. మహదేవపురలో ఇంకో సభ ఉందట.

"సార్, సార్, ఒక మాట..." భాగీరథమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

అధికారి ఆమెను చూసి ఆగి, చేతులు జోడించాడు. "దండ కట్టింది మీరేనంటగదమ్మా. చానా బాగుండాది," అని కారెక్కాడు.

ఆమె సారు వెంట వచ్చిన గుమాస్తాను పట్టుకుంది. "నేను చెప్పలేదప్పా ఇంకా! మా పాప దాటేది చూడల్ల సారు!"

"సభ అయిపోయిందమ్మా. లోపల చెప్పిందే లెక్క."

"లోపల ఏం చెప్పినారని లెక్క?"

"యాభై కావాలని ఒకరు చెప్పినారు. వద్దని ఎవరూ అనలేదు. పైగా మీరంతా సంతోషంగా సన్మానం చేసినారు కదా," అన్నాడు అతను, ఏ కల్మషమూ లేకుండా.

భాగీరథమ్మకు తన చేతులు తానే నరుక్కోవాలనిపించింది.

కొన్నాళ్లకు యాభై బోర్డు వచ్చింది. దాని కిందే దర్శన్ ఒక ఫ్లెక్సీ కట్టించాడు. అందులో పేట పెట్టుకున్న అధికారి నవ్వుతున్నాడు, మెడలో మోకాళ్ల దాకా దండ. 'ప్రజల మాట విన్న సారుకు వందనాలు' అని రాయించాడు. "ఏం చేసేదక్కా, చెయ్యి దాటిపోయింది. ఫోటోలో నీ దండ మాత్రం ఎంత బాగా పడిందో చూడు," అన్నాడు ఓదార్పుగా.

మర్నాడు పొద్దున నేత్రావతి చంకకర్ర రోడ్డు మీద ఆనించింది, వెనక్కి తీసుకుంది. మళ్లీ ఆనించింది. ఒక కారు హారన్ కొడుతూ కొంగును రాసుకుంటూ పోయింది.

"నేను చెయ్యి పట్టుకుంటా, రా," అంటూ భాగీరథమ్మ పూలబుట్ట వదిలేసి పరిగెత్తింది.

"ఇద్దరమూ పడతామమ్మా," అంది నేత్రావతి. అవతలి పక్క తెరుచుకుంటున్న షాపు షట్టరు కేసి కాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసి, ఇంక పనికి రాలేనని చెప్పేసింది.

వచ్చి గోనెపట్ట మీద తల్లి పక్కన కూర్చుని, కర్ర వెనక పడేసి, దారం అందుకుంది. భాగీరథమ్మ పూలబుట్టను ఇద్దరి మధ్యకు జరిపింది. ఆ రోజు నాలుగు చేతులు పడ్డాయి గనక పూలన్నీ మధ్యాహ్నానికే కట్టేయడం అయిపోయింది.