పాట కింద గొంతు

కోల్టన్ రీస్ అరపౌను ఎక్కువ తూగాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

జనవరి రెండో గురువారం పక్క ఊరి హైస్కూలుతో కుస్తీ పోటీ. నూట ముప్ఫై రెండు పౌన్ల బరువు విభాగంలో దిగాల్సిన కుర్రాడు తూకం మీద నిలబడితే అంకె అరపౌను పైన ఆగింది. పోటీ చేయకుండానే ఆరు పాయింట్లు పోయాయి. జట్టు ఓడింది ఐదు పాయింట్ల తేడాతో. మర్నాడు సాధన గదిలో, ఇరవై మంది పిల్లల ముందు, కోచ్ రాస్ టిమ్మర్ వాణ్ణి ఏమేమి అన్నాడో వాళ్లమ్మ రెండు పేజీల్లో రాసి ప్రిన్సిపాల్‌కి ఇచ్చింది. కొన్ని మాటలు పూర్తిగా రాయడానికి చెయ్యి రాక, మొదటి అక్షరం రాసి చుక్కలు పెట్టింది.

విచారణకు ముగ్గుర్ని వేశారు. ప్రిన్సిపాల్ జూడిత్ ఫెల్, స్కూలు బోర్డు తరఫున హెరాల్డ్ బ్రూగ్‌మన్ అనే మొక్కజొన్న రైతు, ఉపాధ్యాయుల తరఫున వెర్నా కుబిక్. వెర్నా ఆ స్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు చెబుతోంది.

"నన్నెందుకు వేశారు? రాస్‌కీ నాకూ ఉన్న స్నేహం అందరికీ తెలుసు కదా," అంది వెర్నా.

"ఈ ఊళ్లో రాస్‌తో స్నేహం లేనివాళ్లు కావాలంటే పక్క జిల్లాకి పోయి వెతకాలి," అంది జూడిత్. "మీరైతే మాట తూచి మాట్లాడతారు. అది చాలు."

ఆరోపణ రుజువైతే రాస్‌ని సీజన్ మొత్తానికి పక్కన పెడతారు. యాభై ఎనిమిదేళ్ల మనిషిని ఆ తర్వాత మళ్లీ పిలిచేవాళ్లుండరు. అయోవా రాష్ట్రంలో కుస్తీ కోచ్‌కి కుస్తీ పోతే మిగిలేది ఏమీ ఉండదు.

వెర్నాకి పోయేది ఇంకొకటి ఉంది. ఆమె కొడుకు వెస్లీ ఆ జట్టులోనే నాలుగేళ్లు ఆడాడు. స్కూలు ముగించిన ఏడే, నవంబరులో, కోతల సమయంలో, కంకర రోడ్డు మీద ధాన్యం లారీ గుద్ది చనిపోయాడు. పద్నాలుగు నెలలైంది. శవపేటిక మోసిన ఆరుగురిలో ముందు నడిచింది రాస్. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమె ఇంటికి వస్తాడు. వంటింట్లో కాఫీ తాగుతూ, "ఆ రోజు వెస్ గాడు ఆ లావుపాటి కుర్రాణ్ణి ఎలా తిరగేశాడో గుర్తుందా?" అని మొదలుపెడతాడు. ఊళ్లో మిగిలినవాళ్లంతా ఆమె ఎదుట ఆ పేరు ఎత్తడానికి భయపడతారు. ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడతారు. వెస్లీ పేరు పైకి అనే మనిషి ఇతనొక్కడే. వెస్లీ నాన్న వాడికి ఆరేళ్లప్పుడే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. చావు కబురు అందాక ఒక కార్డు పంపాడు.

జట్టు పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగారు.

"నువ్వా రోజు గదిలో ఉన్నావా?" అని అడిగింది జూడిత్ మొదటివాణ్ణి.

"ఉన్నాను మేడమ్."

"కోచ్ కోల్టన్‌ని ఏమన్నాడు?"

"వినపడలేదు మేడమ్. కుస్తీకి పెట్టుకునే తొడుగు చెవుల మీద ఉంది."

రెండోవాడికీ తొడుగు ఉంది. మూడోవాడికీ ఉంది. "ఈ ఏడాది తొడుగులు బాగా గట్టివి కొన్నట్టున్నాం," అన్నాడు హెరాల్డ్.

సాధన గది గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది: గదిలో మాట గదిలోనే. ఏటా ఆగస్టులో కొత్త రంగు వేసేది పిల్లలే. వెస్లీ కూడా వేశాడు. చొక్కాకి అంటిన ఎర్ర రంగు ఎన్ని ఉతుకులకీ పోలేదు.

కోల్టన్ చివర వచ్చాడు. పదో తరగతి. వెర్నా క్లాసులో కిటికీ పక్క కూర్చుంటాడు. బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు.

"కాగితంలో ఉన్నది నీ నోటితో చెప్పు బాబూ," అంది జూడిత్.

"చచ్చిన పీనుగులా ఉన్నావు, నిన్ను మోయడం జట్టు ఖర్మ అన్నాడు. మా అమ్మ రెండు చోట్ల పనిచేసి మేపేది ఇందుకేనా అన్నాడు. ఇంకా ఉన్నాయి. అవి మిసెస్ కుబిక్ ముందు అనలేను."

"ఎందుకని?" అన్నాడు హెరాల్డ్.

"వ్యాసంలో తిట్టు రాస్తేనే ఎర్ర గీత గీసి, దీనికి ఇంకో మాట వెతుకు అంటారు సార్."

హెరాల్డ్ నవ్వాడు. "మా కోచ్ నన్ను నాలుగేళ్లలో ఒకే ఒక్కసారి పేరు పెట్టి పిలిచాడురా. ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. మేం ఇంటికెళ్లి చెప్పామా? చెబితే మా నాన్న ఇంకో రెండు తగిలించేవాడు."

"నేనూ చెప్పలేదు సార్. అన్నం తినడం మానేశాను. అమ్మే గుచ్చి గుచ్చి అడిగింది. కోచ్ పోవాలని నాకు లేదు. ఆ మాటలు పోతే చాలు."

లేచి తలుపు దాకా వెళ్లినవాడు ఆగి, వెర్నా వైపు తిరిగాడు.

"వెస్లీని కూడా ఇలాగే అనేవాడు మేడమ్. నేనప్పుడు ఎనిమిదో తరగతి. నీళ్ల సీసాలు అందిస్తూ బెంచీ వెనకాలే ఉండేవాణ్ణి."

"అది ఇప్పుడు మన ముందున్న విషయం కాదు కోల్టన్," అంది వెర్నా. క్లాసులో మాట్లాడినంత నెమ్మదిగానే అంది.

శనివారం పొద్దున వెర్నా వంటింటి బల్ల మీద కంప్యూటరు తెరిచింది.

ఆ ఊళ్లో ఒక అలవాటు ఉంది. మార్చిలో సీజన్ ముగిశాక జట్టుకు విందు చేస్తారు. ఆఖరి ఏడాది పిల్లల తల్లులు తలా మూడు నిమిషాల వీడియో తయారుచేసి అందరి ముందూ వేస్తారు. కుస్తీ పట్టే చాప అంచున కూర్చుని నాలుగేళ్లు తాము తీసిన వీడియోల్లోంచి మంచి ముక్కలు ఏరి, అసలు శబ్దం తీసేసి, పైన ఒక పాట పెడతారు. శబ్దం ఎందుకు తీస్తారో ఎవరూ అడగరు. "కోచ్ నోటి సంగతి తెలిసిందే కదమ్మా, పాట కాస్త గట్టిగానే పెట్టు," అని వెర్నాకి ఆ పని నేర్పిన ఇంకో కుర్రాడి తల్లి నవ్వుతూ చెప్పింది. వెర్నా కూడా నవ్వింది.

వెస్లీ వీడియోలో అందర్నీ ఏడిపించిన ముక్క ఒకటి ఉంది. జిల్లా ఫైనల్లో వాడి ముక్కులోంచి రక్తం కారితే ఆట ఆపారు. చాప అంచున వాడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాస్ ఎదురుగా మోకరించి, ఒక చేత్తో వాడి మెడ వెనక పట్టుకుని, రెండో చేత్తో మెల్లగా రక్తం తుడిచి, ముక్కులో దూది పెట్టాడు. ఇద్దరి నుదుళ్లూ దాదాపు ఆనుకున్నాయి. కోచ్ పెదవులు కదులుతున్నాయి. అక్కడ పాట పైకి లేస్తుంది. విందులో హెరాల్డ్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. కొడుకు పోయాక వెర్నా ఆ మూడు నిమిషాలూ ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. అసలు వీడియోల జోలికి మాత్రం పోలేదు. అందులో వాడి గొంతు ఉంటుంది.

ఇప్పుడు అసలుది తెరిచింది. జనం అరుపులు, ఈల, బూట్ల కిరకిర. తర్వాత రాస్ గొంతు, చాలా దగ్గరగా, దాదాపు లాలనగా.

"చచ్చిన పీనుగులా పడుకున్నావు కదరా. అదుగో మీ అమ్మ, కెమెరా పట్టుకుని కూర్చుంది. ఎంత పనికిమాలినవాణ్ణి కన్నదో ఆవిడకి ఇవాళ తెలుస్తుంది. ఏడుస్తున్నావా? ఏడు. మీ నాన్న మిమ్మల్ని ఎందుకొదిలేసి పోయాడో నాకిప్పుడు అర్థమవుతోంది."

దూది పెడుతున్న ఆ చెయ్యి మెత్తగానే ఉంది.

"సారీ, కోచ్," అన్నాడు వెస్లీ. ముక్కులో దూది ఉంది కాబట్టి గొంతు పసిపిల్లాడి గొంతులా వచ్చింది.

వెర్నా ఆపేసింది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఒకటి గుర్తొచ్చింది. గుర్తురావడం కూడా కాదు, ఎన్నడూ మరచిపోలేదు. పాట అతికిస్తున్న రోజున 'మీ అమ్మ' అన్న మాట దాకా తాను విన్నది. ఆ తర్వాతిది వినకుండా, శబ్దాన్ని వేలితో సున్నాకి లాగేసింది. ఫైనల్ నుంచి ఇంటికి వస్తూ కారులో అడిగింది కూడా. "రక్తం తుడుస్తూ కోచ్ ఏమన్నాడు?"

"ఊపిరి తీసుకోమన్నాడు," అన్నాడు వెస్లీ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ మర్నాడు ఆదివారం రాస్ వచ్చాడు. కాఫీ కప్పు పట్టుకుని, "బుధవారం నన్ను మీ ముగ్గురి ముందు కూర్చోబెడతారట. ఎర్ర పెన్ను తెస్తావా?" అన్నాడు.

"రాస్, పిల్లల్ని నువ్వేమంటావో నీకు తెలుసా?"

"గట్టిగా అంటాను. కాదనను. మెత్తగా మాట్లాడితే కుస్తీ రాదు వెర్నా. కానీ నాకూ ఒక హద్దుంది. వాళ్ల ఇంటి సంగతులెత్తను. తల్లిదండ్రుల మాటెత్తను. మా నాన్న నన్ను అనని మాట లేదు. ఆయన నోరు నాకు రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను."

అతను అబద్ధమాడటం లేదు. అది ఆమెకు స్పష్టంగా కనిపించింది. అబద్ధమైతే బాగుండునని అనిపించింది. అతను ఇంకో కప్పు కాఫీ పోసుకుని వెస్లీ తొమ్మిదో తరగతిలో చాప మీద నిద్రపోయిన కథ చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది. మధ్యలో ఒక వివరం తప్పు చెబితే సరిదిద్దింది కూడా.

బుధవారం స్కూలు వదిలాక నలుగురూ ఆఫీసు గదిలో కూర్చున్నారు. మిగతా పిల్లలంతా ఏమీ వినలేదన్నారు, కోల్టన్ ఒక్కడే విన్నానన్నాడు అని జూడిత్ చదివింది.

"పీనుగ అని ఉంటాను," అన్నాడు రాస్. "అది అందర్నీ అంటాను. నన్ను నేను కూడా అనుకుంటాను. వాళ్లమ్మ ఊసు మాత్రం ఎత్తలేదు. ముప్ఫై ఏళ్లలో ఏ తల్లి ఊసూ ఎత్తలేదు. వెర్నాని అడగండి. నాలుగేళ్లు చాప పక్కనే కూర్చుంది."

హెరాల్డ్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక తేలిపోయినట్టే అన్న ముఖం.

వెర్నా సంచీలోంచి కంప్యూటరు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను విచారించేవాళ్లలో ఉండకూడదు," అంది. "సాక్షిని. ముందే చెప్పాల్సింది. రెండేళ్ల కిందటే చెప్పాల్సింది."

"వెర్నా?" అన్నాడు రాస్.

"ఇది నలభై సెకన్లు," అని ఆమె మీట నొక్కింది.

తాను తెరవైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. 'సారీ, కోచ్' దగ్గర జూడిత్ కలం బల్ల మీద పెట్టేసిన చప్పుడు వినిపించింది. హెరాల్డ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అది నా గొంతే," అన్నాడు రాస్ చివరికి. "కానీ అన్నట్టు గుర్తులేదు. దేవుడి తోడు వెర్నా, నాకు గుర్తులేదు."

"తెలుసు," అంది వెర్నా.

"వాణ్ణి నేను..." అని ఆగిపోయాడు.

"అదీ తెలుసు."

ఆమె విచారణ నుంచి తప్పుకుని బయటి బెంచీ మీద కూర్చుంది. లోపల పావుగంట పట్టింది. రాస్ సీజన్ ముగిసేదాకా జట్టు దగ్గరికి రాకూడదని, గోడ మీది ఆ మాట చెరిపేయించాలని రాసుకున్నారు. "ఇద్దరం ఒకటే మాట," అని మాత్రం చెప్పి హెరాల్డ్ ఆమె భుజం తట్టి, గబగబా వెళ్లిపోయాడు.

వాహనాలు నిలిపే చోట మంచు నల్లబడి గడ్డకట్టి ఉంది. వెర్నా కారు తాళం తీస్తుంటే రాస్ నడిచి వచ్చాడు. కోటు గుండీలు పెట్టుకోలేదు.

"వాడు నీతో చెప్పాడా?"

"అడిగాను. ఊపిరి తీసుకోమన్నావని చెప్పాడు."

రాస్ తల దించుకున్నాడు. కారుతున్న ముక్కును చేతి వెనకతో తుడుచుకున్నాడు.

"నాకోసం అబద్ధమాడాడు," అన్నాడు.

"నీకోసమో నాకోసమో. నేను రెండోసారి అడగలేదు."

అతను ఆమె కారు అద్దం మీది మంచును కోటు చేత్తో తుడిచాడు. ఒకవైపు తుడిచి, రెండో వైపుకి వెళ్లి అటూ తుడిచాడు. తర్వాత తన బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఇంజన్లు ఆన్ చేశారు. నువ్వు ముందు వెళ్లు అన్నట్టు అతను చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది. ఇద్దరూ కదల్లేదు. ఆదివారం వస్తావా అని ఆమె అడగలేదు, వస్తానని అతను అనలేదు. కాసేపటికి అతని బండి దీపాలు ఆరిపోయాయి. లోపల స్టీరింగు మీద వాలిన భుజాలు మసకగా కనిపించాయి.

వెర్నా ఇంకొంచెంసేపు చూసి, కారును మెల్లగా రోడ్డు మీదికి తిప్పింది.