కొల్లేటి వైపు కమాను

శ్రీరంగనాయకులు షావుకారు కట్టించిన గంట గోపురాన్ని చూడటానికి ఏలూరు నుంచి కూడా జనం వచ్చేవారు. గంగారత్నం మాత్రం అటు చూసిందంటే ఉమ్మేసేది. ఉమ్మదా మరి! ఆ గోపురమే ఆమె మొగుణ్ణి పొట్టన పెట్టుకుంది. అది చాలదన్నట్టు షావుకారు చచ్చినవాడికి తాగుబోతని పేరు కూడా పెట్టాడు.

ఆ గంట అసలు జాలరిపేటది. కొల్లేటి గట్టున రెండు తాటిమొద్దుల మధ్య వేలాడేది. గాలివాన పట్టిందంటే వంతు వచ్చిన ఇంటివాళ్ళు ఆఖరి దోనె ఒడ్డుకి చేరేదాకా దాన్ని మోగిస్తూనే ఉండాలి. చేతులు బొబ్బలెక్కినా ఆపకూడదు. యాభైమూడులో షావుకారు తండ్రి పేరు నిలబెట్టాలని బజారులో ఇటుకా సున్నంతో గోపురం లేపి, పైన నాలుగు దిక్కులకీ నాలుగు కమానులు పెట్టించి, గంటని అక్కడికెక్కించాడు. ఎత్తున ఉంటే చప్పుడు ఇంకా దూరం పోతుందని పేటవాళ్ళూ సంబరపడ్డారు. తీరా చూస్తే, పడవల్లో వచ్చేవాళ్ళకి తండ్రి పేరు కనపడాలని కొల్లేటి వైపు కమానుని నిండా మూయించి, అందులో పాలరాతి పలక బిగించాడు మహానుభావుడు! పేరు కనపడింది. గంట వినపడటం మానేసింది.

ఆ కార్తీకంలోనే గంగారత్నం మొగుడు పోతురాజు గాలివానలో దారి తప్పి మునిగిపోయాడు.

"బజారంతా దద్దరిల్లేలా గంట మోగిందండీ. వాడు తాగి పడుకుంటే నేనేం చేసేది?" అన్నాడు షావుకారు పంచాయితీలో.

బజారువాళ్ళు అవునన్నారు. వాళ్ళకి వినపడింది కదా! కల్లు వాసనే గిట్టని మనిషి పోతురాజు. ఆ మాట షావుకారు నోటితోనే, అందరి ముందూ వెనక్కి తీయించకపోతే నా పేరు గంగారత్నమే కాదనుకుందామె.

మరుసటేడు షావుకారు ధాన్యం బేరానికి కొల్లేటి లంకలోకి పడవెక్కి వెళ్ళిన రోజున మధ్యాహ్నమే మబ్బు కమ్మి గాలి లేచింది. గంగారత్నం ఇంట్లోంచి గునపం తెచ్చుకుని గోపురం మెట్ల మీద కూర్చుంది. షావుకారు మనుషులు గంట తాడు లాగుతూనే ఉన్నారు. ఎంతకీ పడవ రాలేదు. షావుకారు భార్య రత్నాంబ జుట్టు కూడా ముడుచుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

"మీవాళ్ళని దోనెలు వేసుకుని వెళ్ళమనవే, గంగారత్నం!"

"ఈ గాలికి దోనె నిలవదమ్మగారూ. గంట వినపడితే అయ్యగారే వస్తారండి. వినపడాలంటే పైనున్న ఆ గోడ పోవాలి. మీ మామగారి పేరున్న గోడ. పగలగొట్టమని మీ నోటితో మీరే చెప్పాలండి."

మునిగితే మునగనీ, నేనేడ్చినట్టు ఇదీ ఏడవనీ అని గంగారత్నానికి కడుపులో ఉంది. కానీ షావుకారు చస్తే అన్న మాట వెనక్కి తీసుకునేదెవరు? అతను బతికి రావాలి. బతికొచ్చి తన ముందు నిలబడాలి.

"పగలగొట్టవే తల్లీ!" అని రత్నాంబ గొంతు చించుకుంది.

గంగారత్నం పైకెక్కి కసిదీరా పొడిచింది. పలక ముక్కలై కింద పడింది, ఆ వెనక ఇటుకలూ రాలాయి. గంట చప్పుడు నీళ్ళ మీదికి పోయింది.

పొద్దు గుంకేలోగా పడవ వచ్చింది. షావుకారు వణుకుతూ గట్టెక్కాడు. బజారంతా చుట్టూ మూగింది.

"ఎంతసేపటికీ గంట చప్పుడే లేదు! వెధవలు మోగించడం మానేశారనుకున్నాను. ఆఖరికి ఒక్కసారిగా వినపడింది. దాన్ని పట్టుకునే వచ్చాం," అన్నాడు ఆయాసపడుతూ.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గంగారత్నం ముందుకొచ్చింది.

"తాడు ఒక్క క్షణం కూడా ఆపలేదండి. తమరేమన్నా తాగి పడుకున్నారాండీ?"

షావుకారు తలెత్తి గోపురాన్ని చూశాడు. కొల్లేటి వైపు కమానులోంచి ఆకాశం కనపడింది.

"చెప్పండి," అంది రత్నాంబ.

"పోతురాజు తాగలేదు. గోడే..." అని గొణిగాడతను.

"వెనకున్నవాళ్ళకి వినపడలేదండి," అంది గంగారత్నం ఎంతో మర్యాదగా. "మళ్ళీ చెప్పండి."