సంహితను బస్సు దింపిన మనిషి

మహాలక్ష్మమ్మ కంటికి శుక్లం తీసిన డాక్టరు కొన్నాళ్లపాటు ఫోను ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. పొయ్యి దగ్గరికి పోవచ్చా అని ఆమె అడగలేదు, తలస్నానం సంగతీ అడగలేదు. "మరి నా సీరియల్ ఎట్టా?" అని మాత్రం అడిగింది. డాక్టరుకు అర్థం కాలేదు. పక్కనే నిలబడ్డ ఆమె భర్త వెంకటాద్రికి అంతకంటే అర్థం కాలేదు.

నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టు వెంకటాద్రిది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. పరదాకు అవతల భార్య ఫోనులో ఏదో చదువుకుంటూ ఉంటుందని ఆయనకు తెలుసు గానీ, ఏం చదువుతోందని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. పక్కన గాజుల కొట్టు నడిపే జెబా ఒక యాప్ వేసి ఇచ్చిందనీ, అందులో ఆడవాళ్లు రాసే ప్రేమకథలు, కాపురాల కథలు వారం వారం వస్తాయనీ ఒకసారి ఆమే చెప్పింది. "అట్టాగా" అన్నాడు. ఆయన లోకంలో సగం విషయాలకు అదే అంటాడు. ధర ఎక్కువన్నా అట్టాగా, సరుకు బాగుందన్నా అట్టాగా. కొట్లో చాలా పనికొచ్చే మాట అది. ఒప్పుకున్నట్టూ ఉండదు, కాదన్నట్టూ ఉండదు.

ఇప్పుడు ఆ కథలు చదివి వినిపించే పని ఆయన నెత్తిన పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బేరాలుండవు. ఆ ఎండకు రోడ్డు మీద కుక్క కూడా తిరగదు. అప్పుడు మహాలక్ష్మమ్మ నల్లద్దాలు పెట్టుకుని పరదా పక్కన కుర్చీలో కూర్చునేది. ఈయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఆర్డరు సరిచూసుకుంటున్నట్టు ఒకే గొంతుతో చదివేవాడు.

"అట్టా కాదండీ. అక్కడ ఆ పిల్ల ఏడుస్తంది. ఇన్ని చెంబులు, ఇన్ని గిన్నెలు అన్నట్టు చదివితే ఎట్టా?"

"ఏడుస్తందని రాసిందిగా. ఇంక నేను కూడా ఏడవాలా?"

ఆ పిల్ల పేరు సంహిత. మొగుడి పేరు అభినవ్. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు, పిల్లనిచ్చిన అత్తగారికి మందులు కూడా కొనిపెడతాడు. వెంకటాద్రికి మొదటి నుంచీ ఈ కుర్రాడు నచ్చాడు. ఇలాంటివాణ్ని వదిలేసి పోదామా వద్దా అని సంహిత వారం వారం ఆలోచిస్తూ ఉంటుంది. వెంకటాద్రికి ఒళ్లు మండేది.

"వాడు చేసిన తప్పేంది?"

"తప్పేం చెయ్యలా."

"మరి ఎందుకు పోతానంటంది?"

"అదేగా కథ."

ఏది కథో ఆయనకు బోధపడలేదు. భార్యాభర్తలు దగ్గరయ్యే చోట ఆయనకు దగ్గు వచ్చేది. దగ్గుతూ రెండు పేరాలు దాటించేవాడు. ఆమె ఊరుకునేది కాదు. "అక్కడేదో వదిలేశారు" అనేది. "వర్ణనలే" అంటే, "ఆ వర్ణనే చదవండి" అనేది. ఒకరోజు ఖర్మకాలి ఆ వర్ణన చదువుతుండగానే శావల్యాపురం నుంచి ఒకావిడ ఇడ్లీపాత్ర కోసం వచ్చింది. వెంకటాద్రి మొహం కందిపోయింది. ఆవిడ మాత్రం ఇడ్లీపాత్ర మూత తీసి చూసుకుంటూ, "కానియ్యి బాబాయ్, నేనూ వింటా" అంది.

భార్య ఎక్కడ ఏడుస్తుందో, ఎక్కడ నవ్వుతుందో కూడా ఆయన అంచనాకు అందలేదు. సంహిత అత్తగారు పోయిన భాగం చదువుతూ ఆయనే గొంతు సవరించుకున్నాడు. ఆమె "ఊఁ, తరవాత" అంది. మొగుడు అలిగి అన్నం మానేస్తే నవ్వింది. ఇంకో భాగంలో అసలు ఏమీ జరగలేదు. అభినవ్ ఆఫీసువాళ్లు ఇంటికొస్తారు. అందరికీ కాఫీ పెట్టమంటూ అతను, "మా సంహితకి కాఫీ అంటే ప్రాణం" అంటాడు. ఆ పిల్ల జన్మలో కాఫీ తాగలేదు. నవ్వి లోపలికి పోయి కాఫీ కలుపుతుంది. అంతే, భాగం అయిపోయింది. వెంకటాద్రి తల ఎత్తి చూస్తే మహాలక్ష్మమ్మ నల్లద్దాలు తీసి కొంగుతో బుగ్గలు తుడుచుకుంటోంది.

"కంట్లో నీళ్లు రాకూడదన్నాడే డాక్టరు."

"రానియ్యండి."

ఆ సాయంత్రం చెంబులు సర్దుతుండగా వెంకటాద్రికి ఒక సందేహం వచ్చింది. మహాలక్ష్మమ్మ కాఫీ తాగుతుందా? పెళ్లయిన నాటి నుంచీ తెల్లారగానే ఆయన చేతికి కాఫీ గ్లాసు వస్తుంది. ఆమె కూడా తాగే ఉంటుందని అనుకుంటూ వచ్చాడు, అంతే. తాగుతుండగా చూసిన గుర్తు ఒక్కటీ లేదు. పోనీ అడుగుదామా అంటే, ఇన్నేళ్లకు ఆ ప్రశ్న అడగడమంటే తెలియదని ఒప్పుకోవడమే.

మర్నాడు పొద్దున్నే నిఘా పెట్టాడు. గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా పోయాడు.

"ఏం కావాలండీ?"

వెంకటాద్రి ఉప్పు డబ్బా అందుకున్నాడు.

"కాఫీలోకా?" అంది ఆమె.

డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాడు. ఆమె ఏం తాగిందో తెలియనే లేదు. రోజంతా అదే ఆలోచన. ఎవరో పళ్లెం ధర అడిగితే పక్కనున్న బిందె ధర చెప్పాడు.

ప్రతి భాగం అయ్యాక ఆమె కామెంటు చెప్పేది, ఆయన ఫోనులో కొట్టేవాడు. ఈ సంగతీ ఆయనకు కొత్తే. మహాలక్ష్మమ్మ కామెంటు కోసం ఎక్కడెక్కడి ఆడవాళ్లో కాచుకుని ఉండేవారు. మాచర్ల నుంచి ఒకామె, చిలకలూరిపేట నుంచి ఇంకొకామె, ఏ ఊరో చెప్పనివాళ్లు బోలెడుమంది. "అక్కా, మీరేమంటారో అని చూస్తున్నా" అని రాసేవారు. ఇంతమంది ఎదురుచూసే మనిషి తన పరదా వెనక ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన మాత్రం ఆమె చెప్పింది చెప్పినట్టు కొట్టేవాడు. అది కొట్టు అలవాటు. పెళ్లి సామాన్ల మీద ఇచ్చేవాళ్ల పేర్లు చెక్కడం వాళ్ల నాన్న కాలం నుంచీ ఉన్న పని. ఒకసారి రెంటచింతలవాళ్లు బిందె కొని, అన్నదమ్ముల్లో పెద్దవాడి పేరొక్కటే రాసిచ్చారు. పాపం రెండోవాడి పేరు మర్చిపోయినట్టున్నారని జాలిపడి వాళ్ల నాన్న ఆ పేరు కూడా చెక్కాడు. ఆ ఇద్దరికీ మాటల్లేవని ఆయనకేం తెలుసు? పెళ్లిపందిట్లో బిందె ఎగిరింది, తరవాత కొట్టు మీదికొచ్చింది. అప్పటి నుంచి కొట్టుకు ఒకటే శాసనం: రాసిచ్చింది రాసిచ్చినట్టు చెక్కాలి, సొంత తెలివి కలపకూడదు. సొట్టపడ్డ ఆ బిందె ఇప్పటికీ అటక మీద ఉంది.

సీరియల్ చివరికొచ్చింది. ఆఖరి భాగానికి ముందు భాగంలో సంహిత సంచి సర్దుకుని బస్టాండులో కూర్చుంది. చదవడం ఆపి వెంకటాద్రి అడిగాడు.

"ఇప్పుడు పోతదంటావా?"

"పోవాలి" అంది మహాలక్ష్మమ్మ.

గొంతులో కోపం లేదు, బాధ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు అంది. పోవాలి అన్నది సంహిత గురించేనా? తను కూడా తాగడు, కొట్టడు. తను కూడా అత్తగారికి మందులు కొన్నాడు. ఈ వయసులో ఈమె ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. చిలకలూరిపేటలో తమ్ముడున్నాడు. పోదల్చుకుంటే పోవచ్చు. ఆయనకు భయం వేసింది. నవ్వొచ్చే భయమే గానీ, నవ్వడానికి ఆయనకు వీలుకాలేదు.

ఆఖరి భాగం వచ్చిన రోజు పొద్దున్నే, ముందెన్నడూ చెయ్యని పని చేశాడు. భార్య కంటే ముందు తనొక్కడే చదివాడు. అభినవ్ బస్టాండుకు వచ్చాడు. సంహిత బస్సు కిటికీలోంచి చూసింది. బస్సు కదిలింది. సంహిత దిగలేదు. ఎక్కడికి పోతుందో, అక్కడ ఎవరున్నారో రాయలేదు.

మధ్యాహ్నం నల్లద్దాలతో ఆమె వచ్చి కూర్చుంది. వెంకటాద్రి చదవడం మొదలుపెట్టాడు. బస్సు కదిలేదాకా ఉన్నది ఉన్నట్టే చదివాడు. అక్కడ దగ్గు వచ్చింది.

"అభినవ్ పరిగెత్తుకుంటా వచ్చి బస్సు ఆపాడు. సంహితా, దిగు, అన్నాడు. ఇంటికి పోదాం, అన్నాడు. సంహిత దిగింది. ఇద్దరూ ఇంటికి పోయారు. సుఖంగా ఉన్నారు."

"అంతేనా?"

"అంతే."

"వాడు ఇంకేం అనలా?"

"ఇంకేమనాలి?"

"కాఫీ సంగతి?"

వెంకటాద్రి ఫోను వంక చూశాడు, అక్కడేదో దొరుకుతుందన్నట్టు. "కాఫీ సంగతి రాయలా" అన్నాడు.

ఆమె కథ రాసినావిడకి కామెంటు చెప్పింది. "రాయండి. అమ్మా, నువ్వు కూడా చివర్లో భయపడ్డావు. సంహిత దిగలేదు, నువ్వు చెయ్యి పట్టుకుని దింపావు. వాడు ఒక్క మాటన్నా అడగకుండా ఇంటికి పోదాం అంటే ఎట్టా దిగుద్ది? ఇన్నాళ్లూ నాకు తెలిసినదానివి అనుకున్నా. రెండు స్టార్లు ఇస్తన్నా."

ఇక్కడ తెలివిగలవాడైతే ఏం చేస్తాడు? ఊరికే తెర మీద వేలు ఆడించి, రాశానంటాడు. అప్పటికే అబద్ధం ఆడినవాడికి ఇంకొకటి బరువా? కానీ వెంకటాద్రి నోటితో కలిపాడు గానీ, చేత్తో కలపలేకపోయాడు. ఎవరైనా చెబుతూ ఉంటే ఆయన వేలు దానంతటదే సాగుతుంది. ఒక్కో అక్షరం చెక్కినట్టు కొట్టి, చివర నొక్కాల్సింది కూడా నొక్కేశాడు. నొక్కాక గానీ తను చేసిందేమిటో తెలియలేదు. తీసెయ్యడం ఎలాగో అసలే తెలియదు.

కామెంట్లతో ఫోను మోగడం మొదలుపెట్టింది. "అక్కా, సంహిత దిగలేదు కదా?" అని మాచర్ల ఆమె. "మీరు చదివింది ఏ కథ?" అని ఇంకొకామె. చివరికి రాసినావిడే రాసింది: "మహాలక్ష్మమ్మ గారూ, నేను దింపలేదండీ. దయచేసి మళ్లీ చదవండి. మీ మాటకు చాలా బాధ కలిగింది."

"ఎవరు, ఏమంటన్నారు?" అంది మహాలక్ష్మమ్మ.

"బాగుందంటన్నారు."

ఆ మాట పూర్తికాకముందే పక్క కొట్టు నుంచి జెబా వచ్చింది, చేతిలో తన ఫోను పట్టుకుని. "పెద్దమ్మా, అట్టా పెట్టారేంది కామెంటు? బస్సు వెళ్లిపోయిందిగా. సంహిత దిగితేగా?"

జెబా ఆమె మొహం చూసింది, ఈయన మొహం చూసింది, "గాజులకి ఎవరో వచ్చినట్టున్నారు" అని వెళ్లిపోయింది. ఎవరూ రాలేదు.

"చదవండి" అంది మహాలక్ష్మమ్మ.

ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాడు. చెంబుల్లా, గిన్నెల్లా చదవలేకపోయాడు. బస్సు కదిలింది, సంహిత దిగలేదు, అన్నాక ఫోను బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు దింపారు?"

"ఎక్కడికి పోతదో రాయలేదే. ఆ పూటకి ఏం తింటదో కూడా రాయలేదు."

"అందుకా?"

వెంకటాద్రి గల్లాపెట్టె మూత తీశాడు, వేశాడు. "నువ్వు పోవాలన్నావుగా" అన్నాడు. "నాకు భయమేసింది."

ఆమె నల్లద్దాల వెనక ఏముందో ఆయనకు కనిపించలేదు. కోపమైతే గొంతులో తెలిసేది. నవ్వైతే పెదాల మీద తెలిసేది.

"ఇంకో కామెంటు చెబుతా, రాయండి" అంది. "అమ్మా, తప్పు నాది కాదు, నీది కాదు. సంహితని బస్సు దింపింది మా ఆయన. భయపడి దింపాడు. ఆ పిల్ల ఎక్కడికి పోతదోనని నాకూ భయంగానే ఉంది. అయినా పోవాలి. ఐదు స్టార్లు."

మా ఆయన అన్న చోట వేలు ఒక్క క్షణం ఆగింది. తరవాత కొట్టాడు. భయపడి అన్నదీ కొట్టాడు. అయినా పోవాలి అన్నది కొట్టేటప్పుడు మళ్లీ ఆమె వంక చూశాడు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని తాపీగా కూర్చుని ఉంది. పోయేమనిషిలా లేదు. ఉండే మనిషి అని రాసిచ్చేవాళ్లూ లేరు. నొక్కాల్సింది నొక్కాడు.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, అడగాల్సింది కూడా అడిగేశాడు.

"ఏమే, నువ్వు కాఫీ తాగుతావా?"

"నాకు పడదు. వేణ్ణీళ్లు తాగుతా."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పా. పెళ్లయిన కొత్తలో."

"నేనేమన్నా?"

"అట్టాగా, అన్నారు."

వెంకటాద్రి నాలుక చివరిదాకా మళ్లీ ఆ మాటే వచ్చింది. పళ్లు బిగించి లోపలికి మింగాడు. దాని బదులు ఏమనాలో తెలియక, లేచి వచ్చి, నోరు తెరుచుకుని అలాగే ఆమె ఎదుట నిలబడ్డాడు.