నిండిన పీపా

ఓక్టావ్ ముసలాయన వేలి కణుపుతో పీపాను తట్టాడు. పైభాగం బోలుగా మోగాలి, మోగలేదు. కాస్త పక్కకు జరిగి మళ్ళీ తట్టాడు. అడుగున ఎలా పలికిందో పైనా అలాగే, నిండు కడవలా పలికింది. అటక మీదున్న వాళ్ళందరికీ ఆ చప్పుడు వినిపించింది.

ఫ్రాన్సులోని ఆ జురా కొండల్లో పుట్టినవాళ్ళకి దానర్థం వేరే చెప్పక్కర్లేదు. పసుపు వైన్ ఒకసారి పోశాక ఆ పీపాని ఆరేళ్ళపాటు మళ్ళీ నింపకూడదు. లోపలి వైన్ ఏటికేడు కొంత ఆవిరవుతుంది, ఖాళీ అయిన చోటికి గాలి చేరుతుంది, పైన మీగడలా పొర కడుతుంది. ఆ పొర కిందే వైన్‌కి అక్రోటు రుచీ, వేయించిన మెంతుల వాసనా వస్తాయి. పైనుంచి పోశారా, పొర చిరిగి పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

కొండ దిగి మైదానం దాటితే బర్గండీ. అక్కడి పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. పీపాలో వేలెడు ఖాళీ కనిపిస్తే చాలు, కొంపలు మునిగినట్టు పరుగెత్తుకొచ్చి నింపుతారు. ఓక్టావ్ కోడలు క్లెమాన్స్ బర్గండీ పిల్ల.

ఆ ఒక్క కారణానికే ఆయన ఆమెను పెళ్ళినాటినుంచీ కాల్చుకు తిన్నాడు. "బోర్డో వాళ్ళకి కోటలు, షాంపేన్ వాళ్ళకి బుడగలు, మీ వాళ్ళకి పొగరు. మాకు మాత్రం ఓపిక," అని ప్రతి విందులోనూ ఆమె మొహం మీదే అనేవాడు. ఆ ఓపిక ఆయన నాలుక దాకా ఎన్నడూ వచ్చిన పాపాన పోలేదు. క్లెమాన్స్ పళ్ళు బిగించి పనిచేసింది. మంచులో తీగలు కత్తిరించింది. వాలులో జారిన మట్టిని గంపలకెత్తి మళ్ళీ పైకి మోసింది. కింది నేలమాళిగలో తన ఊరి పద్ధతిలో, శనివారం శనివారం పీపాలు నింపుతూ తెల్ల వైన్ చేసింది. ఇప్పుడు ఇల్లు గడిచేది దాంతోనే. అయినా అటక తాళంచెవి మాత్రం ముసలాయన మెడలో తోలుతాడుకే వేలాడేది. ఆ ఇంట్లో తాళంచెవి ఎవరి దగ్గరుంటే పెత్తనం వాళ్ళది.

ఆరేళ్ళు నిండిన పీపా తెరిచిన రోజున ఆ తాళంచెవి ఎవరి చేతికిచ్చేదీ చెప్తానని ఓక్టావ్ ప్రకటించాడు. కొడుకు ఫిర్మాన్‌కీ కోడలికీ ఇవ్వచ్చు, లేదా పక్క తోట మేనల్లుడు గాస్పార్‌కి ఇవ్వచ్చు. గాస్పార్‌కిస్తే క్లెమాన్స్ ఇన్నేళ్ళ చాకిరీ చేసిన చోటే కూలిమనిషిగా మిగులుతుంది. ఈ తమాషా చూడ్డానికే ఇరుగుపొరుగు జున్ను ముక్కలు పట్టుకుని మధ్యాహ్నానికల్లా అటకెక్కారు.

ఓక్టావ్ పీపా ముందున్న చిన్న కుళాయి తిప్పి గ్లాసులో పట్టాడు. నోట్లో పోసుకుని, పుక్కిలించి, నేలమీద ఉమ్మేశాడు.

"చచ్చింది. ఆరేళ్ళ వైన్ చచ్చింది. ఎవరో నింపారు!"

గాస్పార్ పీపా వెనక్కి వంగి పొడుగు మూతి డబ్బా ఒకటి బయటికి లాగాడు. "ఇదెవరిది చెల్లెమ్మా?"

అది క్లెమాన్స్‌దే. కింద పీపాలు నింపుకునే డబ్బా. కొన్నాళ్ళుగా కనిపించక ఇల్లంతా వెతికింది.

"నాదే. కానీ పైకి తెచ్చింది నేను కాదు."

"మరేం, కాళ్ళొచ్చి అదే మెట్లెక్కిందా?" అన్నాడు గాస్పార్. జనం నవ్వారు.

"బర్గండీ చెయ్యిరా అది!" అని ఓక్టావ్ అరిచాడు. "ఖాళీ కనపడితే దురద! ఇన్నేళ్ళూ పాముకి పాలు పోశాను!"

క్లెమాన్స్ ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కుని రుచి చూసింది. అక్రోటు రుచి ఎక్కడో అడుగున కొనఊపిరితో ఉంది. దాని మీద పచ్చి ఆపిల్ పులుపు. అది ఆమె స్వయంగా చేసిన తెల్ల వైన్. శనివారాలు ఆమె పీపాలు నింపుతుంటే ముసలాయన నేలమాళిగ మెట్టు మీద కూర్చుని వెక్కిరించేవాడు. ఈ మధ్య ఆయన కాఫీలో ఉప్పు వేసుకుంటున్నాడు. కొడుకుని చనిపోయిన తమ్ముడి పేరుతో పిలుస్తున్నాడు. ఇంట్లో అందరూ చూస్తూనే ఉన్నారు. ఆమె పీపాలు నింపడం చూసి చూసి, ఆయన చేతులు ఆ పని నేర్చుకుని, మతి తప్పిన వేళ ఇక్కడికొచ్చి చేశాయి. జాలి పడాల్సిన మాటే. ఆమెకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"మావయ్యా, అటక తాళంచెవి ఎవరి మెడలో ఉంది?"

నవ్వులు ఆగిపోయాయి. ముసలాయన చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది, తాడు తడిమింది, తాళంచెవి దగ్గర ఆగింది. ఆయన కళ్ళల్లో భయాన్ని క్లెమాన్స్ చూడటం అదే మొదటిసారి.

"నీకిచ్చాగా! పోయిన నెల... ఇచ్చాను. ఒరే ఫిర్మాన్, చెప్పరా. ఇచ్చానా లేదా?"

ఫిర్మాన్ అప్పటిదాకా తన బూట్ల కొనలు చూసుకుంటున్నాడు. తండ్రి మొహం చూశాడు. పెళ్ళాం మొహం చూడలేదు.

"ఇచ్చావు నాన్నా. నేను చూశాను."

అది అబద్ధమని అక్కడ తెలియనివాళ్ళు లేరు. గాస్పార్ కూడా చూపు తిప్పుకున్నాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. పెద్దాయన పరువు దక్కాలంటే ఇంకొకరిది పోవాలి, పరాయి ఊరి మనిషిదైతే ఎవరికీ ఏ నష్టమూ లేదు. తాను గొంతు చించుకుని నిజం చెప్పినా, మొగుడి మాటను కాదన్న గయ్యాళి అంటారు తప్ప నమ్మరని క్లెమాన్స్‌కి తెలుసు.

"నిజమే," అంది. "ఇచ్చారు. నింపింది నేనే."

ఫిర్మాన్ గట్టిగా ఊపిరి వదిలాడు. గండం గడిచిందనుకున్నాడు, వెర్రిబాగులవాడు.

"మరి నాకిచ్చిన తాళంచెవి మీ మెడలో ఏం చేస్తోంది మావయ్యా? తియ్యండి."

"పీపాని చంపినదానికి తాళంచెవా?" గాస్పార్ ముందుకొచ్చాడు.

"ఇచ్చారని నా మొగుడే సాక్ష్యం చెప్పాడు, విన్నావుగా అన్నయ్యా. ఇవ్వలేదంటావా? అను. అప్పుడీ పీపా ఎవరు నింపారో కూడా ఇక్కడే తేల్చుకుందాం."

గాస్పార్ మేనమామ వైపు చూసి, వెనక్కి తగ్గాడు.

ఓక్టావ్ తాడు ముడి విప్పబోయాడు. ముడి ఊడలేదు. క్లెమాన్స్ వెళ్ళి తాడుని ఆయన తల మీదుగా లాగేసింది. నెరిసిన జుట్టు లేచి నిలబడింది. ఆమె దాన్ని సర్దలేదు.

"అందరూ కిందికి దిగండి. మిగతా పీపాలు చూసుకోవాలి."

తలుపు మూసి లోపలినుంచి తాళం వేసుకుంది. మొదటి పీపా తట్టింది. బోలుగా మోగింది. రెండోదీ మోగింది. అప్పుడొచ్చింది ఏడుపు. పొద్దుగూకేలోగా అర్బువా ఊరి దాకా ప్రతి సారాకొట్లోనూ తన పేరే నలుగుతుంది. రేపు బర్గండీలో తన తండ్రి చెవిన కూడా పడుతుంది. పసుపు వైన్ నింపిన మూర్ఖురాలిగానే తను చచ్చిపోతుంది.

తలుపు మీద మెల్లగా చప్పుడైంది. ఫిర్మాన్ గొంతు.

"క్లెమాన్స్, నేనే. తియ్యి."

"నువ్వేనని తెలుసు. అందుకే తియ్యను," అని ఆమె తర్వాతి పీపా దగ్గరికి జరిగింది.